గాలిలో పెట్రోల్ బంక్: నడక వేగంతో దగ్గరవ్వాలి



"పెద్దయ్యాక ఫైటర్ పైలట్ అవుతా" అనే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఒకరిద్దరు ఉంటారు. ఆ మాట వినగానే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న, "ప్రమాదం కదా?" అని. ప్రమాదం ఉన్న మాట నిజమే. అయితే దాన్ని పైలట్లు ఎలా లెక్కగడతారో, ఎలా తగ్గించుకుంటారో తెలిస్తే మనం పిల్లలతో ఇంకాస్త నింపాదిగా మాట్లాడగలం. అందుకే ఈ నెల పాఠానికి వైమానిక దళంలోని చాలా కష్టమైన పనుల్లో ఒకదాన్ని ఎంచుకున్నాం. అదే ఎగురుతుండగానే ఇంధనం నింపుకోవడం. హైస్కూల్ పిల్లలు పక్కన కూర్చుంటే ఇందులోని ఫిజిక్స్ వాళ్ళే మీకు చెబుతారు.

గాలిలో ఎందుకు నింపాలి?

ఫైటర్ విమానం చిన్నది, ఇంధనం మాత్రం చాలా తాగుతుంది. ఆయుధాల బరువు పెరిగితే ఇంధనం తగ్గించుకోవాలి. ఎక్కువ దూరం వెళ్ళాలంటే మధ్యలో దిగాలి, లేదా గాలిలోనే నింపుకోవాలి. 2020 జూలై 27న ఫ్రాన్స్‌లోని మెరీన్యాక్ నుంచి బయలుదేరిన మన మొదటి ఐదు రఫేల్ విమానాలు దారిలో ఫ్రెంచ్ ట్యాంకర్ విమానం నుంచి ఇంధనం తీసుకున్నాయి. మధ్యలో యూఏఈలో ఒక్కచోటే ఆగి, 29న అంబాలాలో దిగాయి.

ఈ పద్ధతి కొత్తది కాదు. 1923 జూన్ 27న అమెరికాలో ఒక విమానం నుంచి ఇంకో విమానానికి గొట్టం వేలాడదీసి మొదటిసారి ఇంధనం అందించారు.

మన దగ్గర ఎలా చేస్తారు?

మన వైమానిక దళానికి ఐఎల్-78 అనే పెద్ద ట్యాంకర్ విమానాలు ఉన్నాయి. వీటిని 2003 నుంచి వాడుతున్నారు, స్థావరం ఆగ్రా. ట్యాంకర్ వెనక్కి ఒక పొడవాటి గొట్టాన్ని వదులుతుంది. గొట్టం చివర షటిల్ కాక్ ఆకారంలో ఒక బుట్ట ఉంటుంది. ఫైటర్ ముందు భాగంలో 'ప్రోబ్' అనే గట్టి గొట్టం ఉంటుంది. పైలట్ వెనక నుంచి మెల్లగా వచ్చి ఆ ప్రోబ్‌ను బుట్టలో గుచ్చాలి. అది బిగుసుకున్నాక ఇంధనం పారుతుంది.

కష్టం ఎక్కడ?

అలల మీద ఊగుతున్న రెండు పడవల మధ్య డీజిల్ క్యాన్ అందించడం ఎంత జాగ్రత్త పనో నిజాంపట్నం హార్బర్ వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఇక్కడ అలల బదులు గాలి ఉంటుంది.

మొదటిది, బుట్ట కదలకుండా ఉండదు. ట్యాంకర్ వెనక గాలి సుళ్ళు తిరుగుతుంది. ఫైటర్ దగ్గరకొచ్చే కొద్దీ దాని ముక్కు ముందున్న గాలి కూడా బుట్టను పక్కకు నెడుతుంది. బుట్టనే చూస్తూ దాని వెంట పడితే పైలట్ చేతి కదలికలు ఎక్కువై విమానం ఊగిపోతుంది. అందుకే "బుట్టను వేటాడొద్దు, ట్యాంకర్‌ను చూసి నీ విమానాన్ని నిలకడగా నడుపు" అని నేర్పుతారు.

రెండోది, వేగం. రెండు విమానాలూ గంటకు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నా, వాటి మధ్య తేడా మాత్రం మనిషి గబగబా నడిచేంతే ఉండాలి. దీన్నే పిల్లలు సాపేక్ష వేగం అని చదువుతారు. ఆ తేడా మరీ తక్కువైతే ప్రోబ్ బిగుసుకోదు. ఎక్కువైతే గొట్టం వదులై కొరడాలా ఊగి, ప్రోబ్ చివర విరిగిపోవచ్చు. చిమ్మిన ఇంధనం అద్దం మీద పడవచ్చు, ఇంజిన్‌లోకి వెళ్ళవచ్చు.

మూడోది, బరువు. ఇంధనం వచ్చే కొద్దీ ఫైటర్ బరువెక్కుతుంది. ఆ మార్పుకు తగ్గట్టు పైలట్ క్షణక్షణం ఇంజిన్ శక్తిని సరిచేసుకుంటూ ఉండాలి. రాత్రి పూట, మబ్బుల్లో అయితే ఏది పైనో ఏది కిందో తెలియని భ్రమ కూడా కలుగుతుంది.

జరిగిన నష్టాలు

1966 జనవరి 17న స్పెయిన్ తీరం దగ్గర ఇంధనం కోసం వచ్చిన అమెరికా బీ-52 బాంబర్, ట్యాంకర్‌ను ఢీకొట్టింది. రెండు విమానాల్లో ఉన్న 11 మందిలో ఏడుగురు చనిపోయారు. బాంబర్‌లో నాలుగు హైడ్రోజన్ బాంబులు ఉన్నాయి. అణు విస్ఫోటనం జరగలేదు గానీ పాలోమారెస్ అనే పల్లె పొలాల్లో ప్లుటోనియం చెల్లాచెదురైంది. 2018 డిసెంబరు 6న జపాన్ దగ్గర రాత్రి శిక్షణలో అమెరికా ఫైటర్, ట్యాంకర్ ఢీకొని ఆరుగురు మరణించారు. దశాబ్దాల అనుభవం ఉన్న దేశానికే ఇలా జరిగింది.

వెనక్కి తగ్గడమూ శిక్షణే

ఈ పనిలో ధైర్యం కన్నా ఓర్పు ముఖ్యం. మన తేజస్ ఎలా నేర్చుకుందో చూడండి. 2018 సెప్టెంబరు 4, 6 తేదీల్లో ఇంధనం తీసుకోకుండా, కేవలం ప్రోబ్‌ను బుట్టలో పెట్టి చూశారు. అది బాగా కుదిరాకే సెప్టెంబరు 10న 20,000 అడుగుల ఎత్తున ఐఎల్-78 నుంచి 1,900 కిలోల ఇంధనం ఎక్కించారు.

ఏదైనా తేడా కనిపిస్తే 'బ్రేక్ అవే' అని రేడియోలో పిలుపు వస్తుంది. వెంటనే ఫైటర్ వేగం తగ్గించి వెనక్కి, కిందికి వెళ్తుంది. ట్యాంకర్ వేగం పెంచి దూరమవుతుంది. ఎందుకు, ఏమిటి అన్న చర్చలన్నీ నేల మీదే.

ఇంధనం దొరక్కపోతే? ఇంత మిగలగానే వెనక్కి తిరగాలి అన్న హద్దును ముందే లెక్కేసుకుంటారు. దానికి పైలట్లు 'బింగో' అని పేరు పెట్టుకున్నారు. ఎక్కడ దిగాలో కూడా ముందే అనుకుంటారు. అత్యవసరంగా దిగే చోట్లు ఎన్ని ఉంటే అంత భరోసా. మనకు దగ్గర్లో 16వ నంబరు జాతీయ రహదారి మీద కొరిశపాడు దగ్గర 4.1 కిలోమీటర్ల రన్‌వే కట్టింది అలాంటి అవసరాలకే. అక్కడ 2022 డిసెంబరు 29న, 2024 మార్చి 18న వైమానిక దళం ట్రయల్స్ నిర్వహించింది.

ఇంట్లో చేసి చూడండి

1. కాగితపు గ్లాసుకు దారం కట్టి, జాలీ ఉన్న టేబుల్ ఫ్యాన్ ముందు కాస్త దూరంలో వేలాడదీయండి. పిల్లల్ని చెయ్యి చాపి పెన్సిల్‌ను గ్లాసులో పెట్టమనండి. మొదట తొందరగా, తర్వాత మెల్లగా. ఏది కుదిరింది? గ్లాసును పట్టించుకోకుండా దారం కట్టిన చోటును చూస్తూ పెడితే?

2. ఫైటర్, బుట్ట మధ్య 20 మీటర్ల దూరం ఉంది. వేగంలో తేడా గంటకు 5 కి.మీ. అయితే చేరడానికి ఎంతసేపు? 50 కి.మీ. అయితే? (జవాబు: సుమారు 14 సెకన్లు, ఒకటిన్నర సెకను. ఒకటిన్నర సెకనులో తప్పు దిద్దుకోగలమా అని అడగండి.)

3. లీటరు విమాన ఇంధనం సుమారు 0.8 కిలోలు ఉంటే 1,900 కిలోలు ఎన్ని లీటర్లు? (జవాబు: 2,375)

పైలట్ కావాలనుకునే పిల్లలు ఇంటర్‌లో ఎంపీసీ చదివి ఎన్‌డీఏ పరీక్ష రాయవచ్చు. 2021 నుంచి అమ్మాయిలకూ ఈ అవకాశం ఉంది. మీ పిల్లలు ఈ లెక్కలు చేశాక వాళ్ళ సందేహాలను డైరీలో రాసి పంపండి. క్లాసులో మాట్లాడుకుందాం.