ఇనారి గుడిలో కొబ్బరికాయ కొట్టొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే నెల నేనూ, మా ఆయనా వెళ్తున్నాం. క్యోటోలో ఎర్ర తోరణాల గుడి చూపిస్తానన్నాడు. అక్కడ నక్కలకు మొక్కుతారట! మనం వెళ్లొచ్చా? కొబ్బరికాయ, కర్పూరం, మా పొలం బియ్యం పట్టుకెళ్దామనుకుంటున్నా. ఆయనకు మోకాళ్ల నొప్పులు. ఇద్దరం శాకాహారులం.
– ఒక రైతు ఇల్లాలు, అనంతగిరి, సూర్యాపేట జిల్లా

జవాబు: నిశ్చింతగా వెళ్లండమ్మా. అది ఫుషిమి ఇనారి అనే షింటో మతం గుడి. 711లో వెలసిందని అక్కడివాళ్లు చెబుతారు. ఏ మతం వారైనా వెళ్లొచ్చు, టికెట్ లేదు. నక్కలు దేవుళ్లు కావు. శివుడి ముందు నంది ఉన్నట్టు, అవి ఇనారికి దూతలు. ఒక నక్క నోట్లో వరికంకి కనిపిస్తుంది. ఇనారి వరిపంటను కాచే దేవత. సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు ఎప్పుడొస్తాయా అని చూసే మన వైపు వాళ్లకు ఆ కంకి గురించి వేరే చెప్పాలా!

కొబ్బరికాయ, కర్పూరం ఇంట్లోనే ఉంచండి, అక్కడ ఆ ఆచారం లేదు. బియ్యం కూడా వద్దు. మొక్కల తనిఖీ సర్టిఫికెట్ లేకుండా జపాన్‌లోకి రానివ్వరు.

తోరణం దగ్గర కాస్త తల వంచండి. దారి మధ్యభాగం దేవుడిదని భావిస్తారు, పక్కగా నడవండి. నీళ్ల తొట్టి దగ్గర గరిటెతో ముందు ఎడమచేయి, తర్వాత కుడిచేయి కడుక్కోండి. ఎడమ అరచేతిలోకి నీళ్లు వంపుకుని పుక్కిలించి, తొట్టి బయట ఉమ్మండి. గరిటెకు నోరు తగలకూడదు. హుండీలో నాణెం వేసి రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మొక్కుకుని, చివర మరోసారి వంగాలి. చెప్పులు విప్పక్కర్లేదు.

తోరణాలు వేలల్లో ఉంటాయి. వెనకవైపు నల్లటి అక్షరాలు దాతల పేర్లు, తేదీలు. మన గుడిమెట్ల మీద పేర్లు చెక్కించినట్టే. ఫొటో కోసం వాటికి ఆనుకోవద్దు. కొండ 233 మీటర్లు, చుట్టి రావాలంటే రెండు మూడు గంటలు, మెట్లెక్కువ. మీవారికి గుడి వెనకాల మొదలయ్యే తోరణాల వరస చాలు. తెల్లవారుజామునే వెళ్తే జనం ఉండరు. స్టేషన్ గుడి ఎదురుగానే ఉంది.

ఇనారి సుషి అని అన్నం కూరిన తోఫు అమ్ముతారు. అందులో తరచూ ఎండుచేప రసం కలుస్తుంది, అడిగి తినండి.

రెండు చప్పట్ల తర్వాత చేతులు జోడించి కాసేపు నిలబడతారు. బియ్యం తీసుకెళ్లలేకపోయామని బాధపడకండి, అప్పుడు మీ చేనును తలుచుకోండి.