పైన ఎవరున్నారో చూసి దిగు

కూడేరు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీర్వదించి రాయునది.

మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. "కరువు సీమలో పుట్టినోనికి నీళ్లలో ఉద్యోగమేంది అన్నా, నువ్వన్నా చెప్పు" అంది. నువ్వేమో డైవింగ్ కోర్సు ఫీజుకు చేను కుదువ పెడతానని మెసేజ్ పెట్టినావు. ఇద్దరికీ కలిపి ఒకటే జవాబు రాస్తున్నా. చదివి అమ్మకు కూడా వినిపించు.

ముందు అమ్మ మాటకు. మన జిల్లాలో ఏడాదంతా కలిపి పడే వాన 550 మిల్లీమీటర్ల చిల్లర. అందుకే ఇక్కడ నీటి అడుగున పనిచేసే మనిషి అవసరం ఎక్కువ. నీళ్లు దండిగా ఉన్నచోట గేటు చెడిపోతే జలాశయం దించేసి, ఎండబెట్టి బాగుచేసుకుంటారు. మళ్లీ వానకు అదే నిండుతుంది. పీఏబీఆర్‌ జలాశయాన్ని అట్లా ఖాళీ చేస్తే అనంతపురం టౌను తాగేదేమిటి? 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాంలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు మన జిల్లా అంతా ఎట్లా నీరుగారిపోయిందో చూశావు గదా. అక్కడినుంచి హెచ్చెల్సీ కాలువకు రావాల్సిన మన వాటా 32.5 టీఎంసీలని కాగితం మీద ఉంది. చేతికి అందేది ఎప్పుడూ అంతకు తక్కువే. ఆ కాస్తా కళ్లముందే నదిలోకి పోయింది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు దగ్గరుండి, పారే నీటిలోనే స్టాప్‌లాగ్ దించి, వారం రోజుల్లో ఆపగలిగారు. టీవీలో మనకు కనపడింది క్రేన్లూ, పైన నిలబడినవాళ్లూ. గేటు గాడి ఒరుసుకుపోయిందా, రబ్బరు సీలు చిరిగిందా, అడుగున సిల్లు మీద రాళ్లు చేరాయా అన్నవి నీళ్లుండగా తెలియాలంటే మాత్రం ఒకడు మునగాల్సిందే, లేదా కెమెరా దించాల్సిందే. జీడిపల్లి, గొల్లపల్లి, హంద్రీ-నీవా పంపుహౌసులు, వాటి ముందుండే చెత్త జల్లెళ్లు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. కాబట్టి పని ఉంది. అమ్మకు ఆ సంగతి చెప్పు.

ఇంగ నీ సంగతి. నువ్వు చిన్నప్పటినుంచి పీఏబీఆర్‌లో ఈదినావు, బావిలో దమ్ము బిగబట్టి పందేలు గెలిచినావు. అదే నీ అర్హత అనుకుంటున్నావు. ఈ పనిలో ఆ అలవాటే ముందు మానాలి. పది మీటర్ల లోతులో నీ మీద ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ గొట్టం ద్వారా ఊపిరి నిండా గాలి పీల్చి, దమ్ము బిగబట్టి పైకి వచ్చావనుకో, ఆ గాలి రెట్టింపు అవడానికి చూస్తుంది. ఊపిరితిత్తుల్లో చోటుండదు, చిరుగుతాయి. మొదటి రోజు నేర్పేది ఒకటే మాట: ఊపిరి ఆపొద్దు. బావి పందెంలో మునిగే ముందు గబగబా పది సార్లు ఊపిరి తీసి వదిలి మునుగుతారే, అది కూడా మీ జట్టులో ఎవరూ చేయొద్దని చెప్పు. ఇంకా గాలి చాలుతుందనే భ్రమలో ఉండగానే తెలివి తప్పుతుంది. ప్రతి ఎండాకాలం కుంటల్లో, కాలువల్లో పోయే పిల్లల్లో ఈతొచ్చినవాళ్లూ ఉంటారు.

ఈత ఈ పనికి దారి ఖర్చు లాంటిది, అంతే. అడుగుకు చేరాక నువ్వు చేయాల్సింది బోల్టు బిగించడం, పలక కోయడం, వెల్డింగ్ వేయడం, కాంక్రీటులో చీలిక ఎంత పొడవో కొలిచి పైకి చెప్పడం. అదీ కళ్లు కనపడకుండా. వరద వచ్చినప్పుడు మన జలాశయాల్లో చెయ్యి కళ్ల ముందు పెట్టుకున్నా కనపడదు. విశాఖ హార్బరులోనూ చాలా రోజులు అంతే. అందుకే ముందు అనంతపురంలోనే ఐటీఐలో వెల్డరో ఫిట్టరో పూర్తి చెయ్యి. ఇంట్లో కళ్లకు గుడ్డ కట్టుకుని మోటారు పంపు విప్పి మళ్లీ బిగించడం అలవాటు చేసుకో. నేను డైవరుగా పనిచేసిన ముఠాల్లో మంచి ఈతగాళ్లు చాలామంది వచ్చిపోయారు. మంచి ఫిట్టర్లు మిగిలారు.

ఇప్పుడు నేను అసలు రాయాలనుకున్నది.

బోర్లు రాకముందు మన ఊళ్లలో కపిల బావులుండేవి. ఎండాకాలం పూడిక తీయడానికి మనిషిని గిలక మీద మోకుతో దించేవాళ్లు. దిగేవాడు ముందు చూసేది బావిని కాదు, మోకు ఎవరు పట్టుకున్నారో. తాగినోడైనా, చేను గట్టు తగాదా ఉన్నోడైనా పట్టుకుంటే దిగేవాడు కాదు. తర్వాత లాంతరు దించి చూసేవాడు. అది ఆరిపోతే ఆ రోజుకు పని లేదు. డైవింగ్‌లో ఇంతకంటే పెద్ద పాఠం నాకెవరూ చెప్పలేదు. నీళ్లలో నీ ప్రాణం నీ చేతిలో కంటే పైనున్నవాళ్ల చేతిలో ఎక్కువగా ఉంటుంది. గాలి గొట్టం, మాట తీగ, లోతు కొలిచే గొట్టం కలిపి కట్టిన అంబిలికల్ పట్టుకునేది టెండరు. నీటి అడుగున కోతకు, వెల్డింగ్‌కు కరెంటు నువ్వు అడిగినప్పుడే ఇచ్చి, వద్దన్న క్షణంలో తీసేసేది పైన స్విచ్చు దగ్గరున్నవాడు. ఎప్పుడు పైకి రావాలో, దారిలో ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలో పట్టిక చూసి చెప్పేది సూపర్వైజరు. ఓడ పనుల్లో కనీసం ఐదుగురు ఉండాలంటారు: సూపర్వైజరు, దిగేవాడు, వాడికేమైనా అయితే దిగడానికి సిద్ధంగా ఇంకొకడు, ఆ ఇద్దరికీ చెరో టెండరు. ఇద్దర్ని పెట్టి పని లాగించేద్దామనే కాంట్రాక్టరు నీకు తగులుతాడు. నమస్కారం పెట్టి వచ్చేయ్.

డ్యాం పనిలో ఇది ఇంకా గట్టిగా చూడాలి. గేటు కిందనో తూము దగ్గరనో చదరపు మీటరు కంత ఉంది, పైన పది మీటర్ల నీళ్లున్నాయి, అవతల ఖాళీ అనుకో. ఆ కంతను నీ ఒళ్లు మూసిందంటే నీ వీపు మీద పది టన్నుల తోపు. ముఠా అంతా కలిసి లాగినా రాదు. నీళ్లు పైకి నిలకడగానే కనపడతాయి, సుడి ఉండదు, దగ్గరకు పోయేదాకా లాగుతున్నట్టే తెలియదు. వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్‌లో 2022 ఫిబ్రవరి 25న సముద్రం అడుగున చమురు పైపు బాగుచేస్తున్న ఐదుగురిని ఇట్లాగే పైపు లోపలికి లాగేసింది. ముప్పై అంగుళాల పైపు. ఒక్కడు పాకుకుంటూ బయటపడ్డాడు. లోపల మిగిలినవాళ్లు బతికే ఉన్నారని అతను చెప్పినా, వాళ్లకోసం దిగుతామన్న డైవర్లను పైవాళ్లు దిగనివ్వలేదు. నలుగురూ పోయారు. కాబట్టి గేటు ఆపరేటరుతో నువ్వే మాట్లాడు. కరెంటు తీయించు, తాళం వేయించు, తాళంచెవి మీ సూపర్వైజరు జేబులో పడ్డాక దిగు. ఓడ కింద పంకా శుభ్రం చేయాల్సి వచ్చినా ఇదే పద్ధతి. ఇంజను గదిలో ఎవడో తెలియక మీట నొక్కితే చాలు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. ఎక్కువ లోతులో గాలి పీల్చినప్పుడు అందులోని నైట్రోజన్ రక్తంలో కరుగుతుంది. తొందరపడి పైకి వస్తే బుడగలు కట్టి కీళ్లను, నరాలను పట్టుకుంటుంది. అందుకే పట్టికలు. ఆ పట్టికలు సముద్రమట్టం దగ్గర దిగేవాళ్లకు వేసినవి. తుంగభద్ర నిండుమట్టమే సముద్రానికి 1633 అడుగుల ఎత్తు. మన జలాశయాలూ మెట్ట మీదివే. ఇక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి అదే లోతు కాస్త ఎక్కువ లోతు కింద లెక్క కట్టాలి. ఈ సవరణ తెలియని కోస్తా ముఠాతో మన డ్యాంలో దిగాల్సి వస్తే ముందు నువ్వే అడుగు. అట్లాగే విశాఖలో దిగిన రోజే విమానం ఎక్కి ఇంటికి రావాలనుకోకు, కనీసం ఒక రోజు ఆగు.

పనులు ఎన్ని రకాలంటావు. హార్బరుల్లో ఓడ అడుగున పాచి, నత్తగుల్లలు గీకడం, జెట్టీ స్తంభాలు చూడటం. నేను ఎక్కువ చేసింది అదే. మురికి పని, కానీ ఏడాది పొడుగునా ఉంటుంది. మునిగినవి లేపే పని వేరు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన బోటును అక్టోబరు 22న ధర్మాడి సత్యం గారి కాకినాడ ముఠా బయటికి లాగింది. అడుగున తాళ్లు కట్టింది విశాఖ నుంచి వచ్చిన డైవర్లు. 2024 సెప్టెంబరు 1న వరదలో పడవలు వచ్చి ప్రకాశం బ్యారేజి గేట్లకు అడ్డం పడ్డప్పుడు, క్రేన్లకు కదలకపోతే, డైవర్లు నీళ్లలోనే వాటిని కోయడం మొదలుపెట్టారు. ఆ పనుల్లో పేరొస్తుంది, పేపర్లో ఫొటో వస్తుంది. ఏడాదికి ఎన్నిసార్లు వస్తాయి?

డబ్బున్నది సముద్రపు చమురు పనుల్లో. అక్కడ సముద్రపు కాంట్రాక్టర్ల అంతర్జాతీయ సంఘం ఐఎంసీఏ గుర్తించిన సర్టిఫికెట్ ఉండాలి; టూరిస్టులకిచ్చే స్కూబా కార్డు చూపిస్తే గేటు దగ్గరే నవ్వుతారు. ముంబై హై వైపు వానాకాలం నాలుగు నెలలూ పని పడిపోతుంది, కాబట్టి సీజన్‌లో వచ్చింది సీజన్‌లోనే ఖర్చు పెట్టే కుర్రాడు జూన్ వచ్చేసరికి అప్పు చేస్తాడు. పెద్ద లోతులకు సాచురేషన్ పద్ధతి: హీలియం కలిపిన వాయువు పీలుస్తూ, మూసిన ఇనుప గదిలో నాలుగు వారాల దాకా ఉండాలి, పైకి రావడానికే రోజులు పడతాయి. విశాఖలో హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన ఐఎన్ఎస్ నిస్తార్ 2025 జూలై 18న నేవీలో చేరింది; 300 మీటర్ల దాకా ఆ పద్ధతిలో మనుషుల్ని దించగలదు. ఆ పేరున్న పాత ఓడే 1971లో విశాఖ ఎదుట మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ దగ్గరకు మన నేవీ డైవర్లను చేర్చింది. నేవీలో చేరే వయసు నీకింకా ఉంది. కొచ్చిలో వాళ్ల డైవింగ్ స్కూలుంది, ఫీజు లేదు, పైగా జీతం. ఫీజు కట్టే కోర్సుల కంటే ముందు ఆ తలుపు తట్టమనే నేను చెప్తాను. 2024 జనవరిలో కాకినాడ ఎదుట మొదటి చమురు తీసిన కేజీ-98/2 చమురు బ్లాకు లాంటి చోట్లకు మాత్రం ఆశపడకు. ఆ లోతుల్లో యంత్రాలే తిరుగుతాయి. ఆ యంత్రాలు నడపడం కూడా ఒక పనే అని గుర్తుపెట్టుకో, నలభై దాటాక పనికొస్తుంది.

ఒకటి మాత్రం ఇప్పుడే మానేయ్. కాలువలో ఎవరో పడ్డారని, గజ ఈతగాడివని నిన్ను పిలిస్తే, తాడు లేకుండా, ఏ కాగితం లేకుండా దూకుతున్నావని విన్నాను. ప్రాణముంటే సరే, నేనేం అనను. శవం కోసమైతే షట్టరు మూయించి, నీటి వడి తగ్గాక, నడుముకు తాడు కట్టుకుని దిగు, లేదా ఫైరువాళ్లు, ఎన్డీఆర్ఎఫ్‌వాళ్లు వచ్చేదాకా ఆపు. పోయినవాని తల్లి బాధ నాకూ తెలుసు. మా చెల్లెలు కూడా తల్లే.

చేను కుదువ మాట ఎత్తకు. గల్ఫ్‌లో ఉద్యోగం గ్యారంటీ అని చెప్పే కోర్సువాళ్లకు రూపాయి కట్టొద్దు. ఈ నెలలోనే అనంతపురంలో చెవి-ముక్కు-గొంతు డాక్టరుకు చూపించుకో. కర్ణభేరి, సైనసు, ఊపిరితిత్తులు మూడూ పరీక్ష చేయించు. చిన్నప్పుడు నీకు ఉబ్బసం వచ్చిందని మీ అమ్మ అంది, అది డాక్టరుకు దాచకు. రిపోర్టులు నాకు పంపు. అవి బాగుంటే ఐటీఐ ఫీజు నేను కడతాను. అమ్మకు నచ్చజెప్పే పని కూడా నాదే.

ఇట్లు,
మీ మామ