పిల్ల చేతిలో చేతబడి నవల

వేసవి సెలవులకి అమ్మమ్మగారింటికి వెళ్లిన పదమూడేళ్ల పిల్లకి అటక మీద పాత నవలలు దొరకడం మన ఇళ్లలో మామూలే. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు వరసగా చించి, కుట్టి, అట్ట వేయించి దాచుకున్న బైండు పుస్తకాలు అవి. వాటిలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఉన్నా ఆశ్చర్యం లేదు. ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి తెలుగు పాఠకుల్ని ఊపేసిన నవల అది. దాని తరువాయి కథ ‘తులసి’ 1986లో ‘కాష్మోరా’ పేరుతో సినిమా కూడా అయింది. డబ్బు కోసం ఒక చిన్నపిల్ల ప్రాణం తీయడానికి చేతబడి చేయించడం ‘తులసిదళం’ కథ. ఒకపక్క మంత్రగాళ్లు, ఇంకోపక్క డాక్టర్లు, మధ్యలో మంచం మీద ఆ పిల్ల, తులసి.

ఆ పుస్తకం చూడగానే లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేయాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. పూర్తిగా చదివిన కథ కన్నా సగంలో ఆగిన కథే పిల్లల్ని ఎక్కువ భయపెడుతుంది. మంత్రగాడు ఏమయ్యాడో, ఆ పిల్ల బతికిందో లేదో తెలియనప్పుడు, లైటు తీసేశాక మిగతా కథంతా మనసే అల్లుకుంటుంది. ఆ అల్లిక రచయిత రాసినదానికన్నా ఘోరంగా ఉంటుంది.

ముందు మీరు చదవండి. చిన్నప్పుడు చదివే ఉంటారు, అయినా మళ్లీ చదవండి. ఆ వయసులో మిమ్మల్ని వణికించింది మంత్రగాడు. ఇప్పుడు తల్లిగానో తండ్రిగానో చదువుతుంటే వణికించేది చుట్టూ ఉన్నవాళ్ల దురాశ. పిల్లతో మాట్లాడటానికి అసలు విషయం అక్కడే దొరుకుతుంది.

ఏడెనిమిదేళ్ల పిల్లలకి మాత్రం ఇలాంటివి వద్దు. కథలో జరిగింది కథలోనే ఉండిపోతుందన్న నమ్మకం ఆ వయసులో ఇంకా గట్టిపడదు. పన్నెండు, పదమూడు దాటినవాళ్లకైనా, ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయినా, పీడకలలు వస్తున్నా కొన్నాళ్లు ఆపండి. ‘వద్దు’ అని ఊరుకోకుండా ‘దసరా సెలవుల్లో ఇద్దరం కలిసి చదువుదాం’ అని మాటివ్వండి. ఆ మాట నిలబెట్టుకోండి కూడా. చదివేది పగటిపూట అయితే మంచిది, పడక మీద వద్దు. సూదులు, రక్తం ఉన్న పేజీలు దాటేస్తానంటే దాటేయనివ్వండి. రాత్రి బాత్రూముకి తోడు రమ్మంటే ‘ఇంత పెద్దదానివయ్యావు, భయమేంటి’ అని నవ్వకండి. ఒకసారి నవ్వితే మరోసారి తన భయం మీకు చెప్పదు.

రెండో రోజో మూడో రోజో పిల్ల అడుగుతుంది: “నాన్నా, చేతబడి నిజంగా ఉందా?”

ఇక్కడ నసగకూడదు. ‘ఏమోనమ్మా, పెద్దవాళ్లు ఉందంటారు’ అన్న జవాబు నవల కన్నా ఎక్కువ చెడుపు చేస్తుంది. లేదని చెప్పండి. నిమ్మకాయతోనో, బొమ్మకి గుచ్చిన సూదితోనో ఎక్కడో ఉన్న మనిషికి జబ్బు చేయదని చెప్పండి. భయపడుతోంది కదా అని తాయెత్తు కట్టించడం, మంత్రం వేయించడం వద్దు. మీ ఉద్దేశం ధైర్యం చెప్పడమే కావచ్చు, కానీ పిల్లకి అర్థమయ్యేది వేరు: అమ్మానాన్నా కూడా నమ్ముతున్నారు, అంటే అది నిజంగానే ఉంది. రోజూ అమ్మమ్మ తీసే ఉప్పు దిష్టి సంగతి వేరు, అది ముద్దు. భయం పుట్టిన రోజున ప్రత్యేకంగా చేసే తంతు మాత్రం ఆ భయానికి సంతకం పెట్టినట్టే.

అక్కడితో ఆగకండి. చేతబడి లేదు గానీ, చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని చంపడం ఉందని కూడా చెప్పండి. తెలంగాణ పల్లెల్లో బాణామతి పేరుతో, విశాఖ మన్యంలో చిల్లంగి పేరుతో ఇది జరుగుతూనే ఉంది. ఊళ్లో ఎవరికో తగ్గని జ్వరం వస్తుంది, ఎవరి పశువో చచ్చిపోతుంది. నింద మాత్రం ఒంటరిగా ఉండే ముసలామె మీదో, ఏ అండా లేని పేద కుటుంబం మీదో పడుతుంది. చెట్టుకి కట్టేసి కొట్టడం, మంత్రం పలకకుండా పళ్లు ఊడబీకడం, బతికుండగానే తగలబెట్టడం వార్తల్లో వచ్చినవే. మూఢనమ్మకాల మీద జీవితమంతా పోరాడిన డాక్టర్ నరేంద్ర దభోల్కర్‌ని 2013 ఆగస్టులో పుణెలో కాల్చి చంపారు. ఆయన ఏళ్ల తరబడి అడిగిన చట్టాన్ని మహారాష్ట్ర ఆయన పోయాకే తెచ్చింది. పదమూడేళ్ల పిల్ల ఇది వినగలదు. ఎవరిని చూసి భయపడాలో, ఎవరి పక్కన నిలబడాలో తేల్చుకునే వయసే అది.

పుస్తకాన్ని ఎదిరించవచ్చని కూడా తెలియాలి. ఈ నవల మూఢనమ్మకాల్ని పెంచుతోందని రంగనాయకమ్మగారు ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అని తీవ్రంగా విమర్శించారు. కాస్త పెద్ద పిల్లలైతే ఆ వాదన కూడా చెప్పి, ఎవరి మాట సబబుగా ఉందో వాళ్లనే అడగండి. మీకు నచ్చిన జవాబే రావాలని పట్టుబట్టకండి.

వారం పది రోజులు దాటినా నిద్ర సరిగా పట్టకపోయినా, అన్నం సహించకపోయినా, బడికి వెళ్లనని మొండికేసినా పిల్లల డాక్టరుకి చూపించండి. అలాంటప్పుడు చాలాసార్లు పుస్తకం వెనక వేరే భయం దాగి ఉంటుంది, అది ఎవరో మనిషి వల్ల కలిగింది కూడా కావచ్చు. ‘ఆ కథలో నీకు ఎవరంటే భయం?’ అని మెల్లగా అడగండి. పిల్ల మంత్రగాడి పేరు కాక ఇంకెవరి పేరో చెబితే, చేస్తున్న పని పక్కనపెట్టి వినండి.

భయపెట్టే కథల రుచి తగిలినవాళ్లకి తర్వాత ఇవ్వడానికి ఒక మంచి పుస్తకముంది. షెర్లాక్ హోమ్స్ నవల ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’ని ఆర్థర్ కోనన్ డాయల్ 1901, 1902లలో పత్రికలో సీరియల్‌గా రాశాడు. అందులోనూ వంశాన్ని వెంటాడే శాపం ఉంది, చీకట్లో మెరిసే దయ్యంలాంటి కుక్క ఉంది. హోమ్స్ మాత్రం అడుగుజాడలు, పోయిన బూటు పట్టుకుని, ఆ కుక్కని వదిలిన మనిషి దాకా వెళ్తాడు. అక్కడా కారణం ఆస్తే. రెండూ చదివాక, తులసి ఇంటికి హోమ్స్ వచ్చి ఉంటే మొదట ఎవరిని ప్రశ్నించేవాడో పిల్లనే చెప్పమనండి.