తాండా కుట్టు – పట్నం సంచి

లంబాడీ ఆడవాళ్ల బట్టలు మీరు చూసే ఉంటారు. కుచ్చుల పావడాను ఫేటియా అంటారు. వీపు మీద తాళ్లతో కట్టుకునే రవికను కాంచళి అంటారు. వాటి మీద అద్దాలు, గవ్వలు, పూసలు కుడతారు. ఎండలో నడుస్తుంటే తళతళ మెరుస్తాయి.

ఇప్పుడు ఈ కుట్టు పట్నం చేరింది. కాలేజీ అమ్మాయి భుజాన సంచి చూడండి. పర్సు చూడండి. బెల్టు, సెల్‌ఫోన్ సంచి చూడండి. అవే అద్దాలు, అవే గవ్వలు!

లంబాడీలు పూర్వం ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగేవాళ్లు. రోడ్లు, రైళ్లు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. కుట్టు మాత్రం పోలేదు. నీళ్ల కడవ కింద పెట్టే చుట్టకుదురుకు కూడా గవ్వలు కుట్టుకున్నారు మరి!

కర్ణాటకలో బళ్లారి జిల్లాలో సండూరు ఉంది. అక్కడి లంబాడీ కుట్టుకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే వేరేచోట చేసిన సరుకును ఆ పేరుతో అమ్మకూడదు. 2023లో హంపీలో జి-20 సమావేశం జరిగింది. అక్కడ ఈ కుట్టు వస్తువులు 1,755 ఒకేచోట పెట్టారు. గిన్నిస్ రికార్డు వచ్చింది.

పేరు వచ్చింది, సరే. కుట్టిన చేతికి ఏమొచ్చింది?

బేరగాడు తాండాకు వస్తాడు. "యాడీ, పాత కాంచళి ఉంటే ఇయ్యి" అంటాడు. అమ్మమ్మ నెలల తరబడి కుట్టిన కాంచళి అది. చవగ్గా కొంటాడు. ముక్కలు కోసి నాలుగు సంచులకు అతికిస్తారు. ఒక్కో సంచి ఎంతకు అమ్మాడో మనకు చెప్పడు.

చేతికుట్టును గుర్తుపట్టడం తేలికే. సంచిని తిరగేసి చూడాలి. లోపల ముడులు, దారం కొసలు కనబడతాయి. అద్దం చుట్టూ దారం అల్లి ఉంటుంది. నకిలీ సరుకులో అద్దాన్ని జిగురుతో అంటిస్తారు. నాలుగు రోజులకే ఊడిపోతుంది.

ఇప్పుడు ఒక సంచి లెక్క చూద్దాం. ఇవి ఊరికే వేసిన అంకెలు. బట్టకు 60 రూపాయలు. దారం, అద్దాలు, గవ్వలకు 50. జిప్పు, లోపలి గుడ్డకు 40. మొత్తం ఖర్చు 150. పని మూడు రోజులు. బేరగాడు 400 ఇస్తానన్నాడు. ఖర్చు పోను మిగిలింది 250. రోజుకు 83 రూపాయలు. పత్తి ఏరడానికి పోయినా ఇంతకంటే ఎక్కువే వస్తుంది కదా!

మీ పలకలో రాయండి:

రోజుకు 300 రూపాయల కూలి కట్టుకుంటే ఈ సంచి ధర ఎంత చెప్పాలి?
మీ ఊళ్లో కూలి ఎంత? ఆ లెక్కన ఎంత చెప్పాలి?