గేర్ తగ్గిస్తే కారు కుదుపుతోందా? స్మూత్‌గా డౌన్‌షిఫ్ట్ చేయడం ఇలా

పోయిన చలికాలంలో అరకు నుంచి వైజాగ్ వస్తుంటే అనంతగిరి ఘాట్‌లో కారులోకి కాలిన వాసన వచ్చింది. వెనక సీట్లో అమ్మ, చెల్లి. బ్రేక్ పెడల్ మెత్తబడినట్టు అనిపించగానే పక్కకు తీసి ఆపేశాను. తప్పు కారుది కాదు, నాదే. రెండో గేర్‌కి తగ్గిస్తే కారు కుదుపుతుందని, మూడో గేర్‌లోనే ఉంచి దారంతా బ్రేక్ తొక్కుతూ దిగాను.

వాలులో బ్రేకులు ఎంతసేపు పట్టుకుంటే అంత వేడెక్కుతాయి. బాగా వేడెక్కిన ప్యాడ్లకు పట్టు తగ్గిపోతుంది. దీన్నే బ్రేక్ ఫేడ్ అంటారు. చిన్న గేర్‌లో ఉంటే ఆ పనిలో చాలా భాగం ఇంజినే చేసిపెడుతుంది.

మరి కుదుపు ఎందుకు?

గేమ్ ఫ్రేమ్ రేటు, స్క్రీన్ రిఫ్రెష్ రేటు కలవకపోతే బొమ్మ చిరిగినట్టు కనిపిస్తుంది కదా, ఇదీ అలాంటిదే. చాలా చిన్న పెట్రోల్ కార్లలో గంటకు 40 కి.మీ. వేగంలో, మూడో గేర్‌లో ఇంజిన్ సుమారు 2000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది. అదే వేగానికి రెండో గేర్‌లో దాదాపు 3000 కావాలి. క్లచ్ తొక్కగానే ఇంజిన్ 1000 వైపు పడిపోతుంది. అప్పుడు క్లచ్ టక్కున వదిలితే చక్రాలు ఇంజిన్‌ని బలవంతంగా 3000కి లాగుతాయి. ఆ లాగుడే కుదుపు. గేర్‌బాక్స్‌లోని సింక్రోమెష్ గేర్ల వేగాన్ని కలుపుతుంది గానీ, ఇంజిన్ వేగాన్ని కలపదు. అది మన కాలి పని.

ఇలా చేయండి

1. ముందు బ్రేక్‌తో వేగం తగ్గించండి.
2. క్లచ్ పూర్తిగా తొక్కి, గేర్ రెండులో వేయండి.
3. క్లచ్ వదలకముందే యాక్సిలరేటర్‌ని ఒక్కసారి చిన్నగా తట్టండి. దీన్నే రెవ్ మ్యాచింగ్ అంటారు.
4. ఇంజిన్ మోత పెరగగానే క్లచ్ మెల్లగా వదలండి.

మొదట ఖాళీగా ఉన్న సమతల రోడ్డు మీద ప్రాక్టీస్ చేయండి. కారులో ఆర్‌పీఎం మీటర్ లేకపోతే ఓబీడీ పోర్ట్‌కి బ్లూటూత్ అడాప్టర్ పెట్టి ఫోన్‌లో చూడొచ్చు. కాకపోతే ఆ ఫోన్ పక్క సీట్లో ఉన్నవాళ్ల చేతిలో ఉండాలి. నాకు మాత్రం నాలుగు రోజులకి మీటర్ అవసరమే లేకుండా పోయింది, చెవే చెప్పేస్తుంది.

ఇవి మాత్రం వద్దు

- మలుపు మధ్యలో గేర్ మార్చకండి. బ్రేక్ నుంచి కాలు తీసిన ఆ ఒక్క సెకనులోనే వాలులో వేగం పెరుగుతుంది. వాలు మొదలవకముందే చిన్న గేర్ వేసుకోండి.
- వేగంలో ఉండగా ఒకటో గేర్‌కి దూకకండి. ఇంజిన్ పరిమితి దాటి తిరిగితే లోపల భాగాలు దెబ్బతింటాయి.
- పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగకండి. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లు గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలితే చాలాసేపు ఇంధనమే తీసుకోవు. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి తాగుతూనే ఉంటుంది, పైగా ఇంజిన్ పట్టు ఉండదు.

పోయిన నెల అదే ఘాట్ మళ్లీ దిగాను, ఈసారి రెండో గేర్‌లో. శృంగవరపుకోటలో టీకి ఆపాక గానీ తెలీలేదు, అమ్మ దారంతా నిద్రపోయిందని.