పేరున్న కాలేజీనా? మనకు కుదిరే కాలేజీనా?

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు మన హాస్టల్ ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. వార్డెన్ గారి గది ముందు గుంపు, ఒక్క సెల్‌ఫోన్ చుట్టూ పది తలలు. వంట చేసే పెద్దమ్మ చేతిలో గరిటెతోనే బయటికి వచ్చి "పాసయినవా బిడ్డా?" అని ఒక్కొక్కరినీ అడుగుతుంది. ఆ సంతోషం రెండు రోజులు. మూడో రోజు నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న: "ఏ కాలేజీ?"

ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు పూర్వ విద్యార్థులం నలుగురం కూర్చుని ఆలోచించాం. మేము సాధించినవి రాయడం కంటే మేము చేసిన ఒక తప్పు గురించి రాస్తే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఎక్కువ ఉపయోగం అనిపించింది.

మేము చేసిన తప్పు

2018లో మా బ్యాచ్ మిత్రుడు ఒకరికి ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. వాళ్ల నాన్న బోరు బండి మీద కూలీ. సెలవుల్లో మా మిత్రుడు కూడా ఆ బండి వెంట వెళ్లేవాడు. ఎన్ని అడుగుల దగ్గర మట్టి పోయి రాయి తగులుతుంది, పైకి వచ్చే పొడి రంగు మారితే లోపల ఏముంటుంది, పక్క పక్క చేలలో ఒక బోరు పడి ఇంకొకటి ఎందుకు పడదు అని రాత్రిళ్లు మాకు చెబుతూ ఉండేవాడు. మేము విన్నాం, నవ్వుకున్నాం, నిద్రపోయాం.

కౌన్సెలింగ్ వచ్చేసరికి అతనికి సలహా ఇచ్చింది కూడా మేమే. "కంప్యూటర్స్ తీసుకో. ఆ కాలేజీ పేరు చెబితే చాలు, ఊరంతా నీ వైపు చూస్తది" అన్నాం. హైదరాబాద్ శివార్లలో బాగా పేరున్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో సీటు వచ్చింది. హాస్టల్ గేటుకు ఫ్లెక్సీ కట్టించాం. అతని ఫొటో పక్కన మా ఫొటోలు కూడా వేసుకున్నాం.

ట్యూషన్ ఫీజు ప్రభుత్వం కడుతుంది కదా అనుకున్నాం. కాలేజీ బస్సు, ప్రైవేటు హాస్టల్, ల్యాప్‌టాప్, పరీక్ష ఫీజులు ఎవరు కడతారో ఎవరమూ లెక్క వేయలేదు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాడికి మొదటి రోజు నుంచి అన్ని పాఠాలూ ఇంగ్లీషులోనే. మొదటి ఏడాది ముగిసేసరికి ఐదు సబ్జెక్టులు మిగిలిపోయాయి. మేము ఫోన్ చేస్తే "బాగానే ఉందిరా" అనేవాడు. ఫ్లెక్సీ కట్టిన వాళ్లకు బాగా లేదని ఎలా చెబుతాడు?

రెండో ఏడాది మధ్యలో పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేశాడు. సర్టిఫికెట్ల కోసం వెళితే మిగిలిన ఫీజు కడితేనే ఇస్తామన్నారు. వాళ్ల నాన్న వడ్డీకి తెచ్చి కట్టాడు. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే ఆదేశాలు ఇచ్చింది. ఆ సంగతి మాకు అప్పుడు తెలియదు. తెలిసి ఉంటే కనీసం ఒక అర్జీ అయినా పెట్టేవాళ్లం.

మా మిత్రుడికి తెలివి తక్కువై ఇలా జరగలేదు. సర్టిఫికెట్ల విషయం పక్కన పెడితే, ఆ కాలేజీలో పాఠాలు చెప్పరని కూడా మేము అనం. అక్కడ చదివి స్థిరపడినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ కాలేజీ అతనికి కుదరలేదు, అంతే. కుదురుతుందా లేదా అని ముందుగా అడగవలసిన మేము అడగలేదు.

పేరు ఎలా వస్తుంది?

దూరపు కొండలు నునుపు అంటారు. కాలేజీ పేరు కూడా చాలాసార్లు అలాంటిదే. బస్సుల వెనుక బోర్డులు, పేపర్లో ర్యాంకుల ఫొటోలు, చుట్టాల మాటలు కలిసి ఒక పేరును తయారు చేస్తాయి.

మరి ప్రభుత్వం ఇచ్చే ర్యాంకుల సంగతి ఏమిటి? కేంద్ర ప్రభుత్వం 2015లో ఎన్ఐఆర్ఎఫ్ అనే విధానాన్ని ప్రారంభించింది. 2016లో తొలి ర్యాంకులు వచ్చాయి. విశ్వవిద్యాలయాల ర్యాంకులో నూటికి 30 మార్కులు బోధనకు, వనరులకు, 30 పరిశోధనకు, 20 ఉత్తీర్ణత, ఉద్యోగాల వంటి ఫలితాలకు, 10 అన్ని వర్గాలకూ చోటు ఇచ్చినందుకు, మరో 10 ఆ సంస్థ మీద బయట ఉన్న అభిప్రాయానికి ఇస్తారు. ఈ లెక్క చూస్తే రెండు సంగతులు అర్థమవుతాయి. పరిశోధన బాగున్నంత మాత్రాన డిగ్రీ మొదటి ఏడాది పిల్లవాడికి పాఠం బాగా అందుతుందని చెప్పలేం. ఇక ఆ ర్యాంకు మొత్తం సంస్థది. మీరు చేరబోయే డిపార్ట్‌మెంటు అంతకంటే బాగుండవచ్చు, బాగా లేకపోనూవచ్చు.

అయితే ర్యాంకు కంటే మనకు పనికివచ్చేది ఒకటి అందులోనే ఉంది. ఎన్ఐఆర్ఎఫ్‌లో పాల్గొనే ప్రతి సంస్థా తన వివరాలను తన వెబ్‌సైట్‌లో ఉంచాలి. అందులో మొదటి ఏడాది ఎంతమంది చేరారు, నిర్ణీత కాలంలో ఎంతమంది పూర్తి చేశారు, ఎందరికి ఉద్యోగాలు వచ్చాయి, ఎందరు పై చదువులకు వెళ్లారు, ఎందరికి పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్ అందుతోంది అనే అంకెలు ఉంటాయి. చేరినవాళ్లకు, పూర్తి చేసినవాళ్లకు మధ్య ఎంత తేడా ఉందో చూడండి. మా మిత్రుడు అలాంటి తేడాలోనే మిగిలిపోయాడు. ఏ ఫ్లెక్సీ మీదా ఆ అంకె కనిపించదు.

కుదరడం అంటే సర్దుకుపోవడం కాదు

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. "నీకు సరిపోయేది చూసుకో" అనే మాటను మన పిల్లలకు ఇంకో అర్థంలో చెప్పేవాళ్లు ఉన్నారు. "మీకు అంత పెద్ద చదువులెందుకు, దగ్గర్లో ఏదో ఒకటి చాలదా" అని దాని అర్థం. మేము చెప్పేది అది కాదు.

మన పక్క బాలికల హాస్టల్ చెల్లెలు ఒకరి సంగతి చూడండి. ఆమెకు భాషలంటే ఇష్టం. ఇంట్లోవాళ్లు, తెలిసినవాళ్లు అందరూ "ఆడపిల్లవు, మండలంలో డిగ్రీ చాలు" అన్నారు. ఆమె మాత్రం 2022లో సీయూఈటీ రాసి హైదరాబాద్‌లోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో జర్మన్ భాషలో బి.ఏ.లో చేరింది. మొదటి సెమిస్టర్‌లో రెండుసార్లు ఏడుస్తూ ఫోన్ చేసింది. కానీ ఉండటానికి క్యాంపస్ హాస్టల్ ఉంది, ఫీజు తక్కువ, అర్థం కానిది మళ్లీ చెప్పే సీనియర్లు దొరికారు. అన్నిటికంటే ముఖ్యం, ఆమె చదువుతున్నది ఆమెకు ఇష్టమైనది. కుదిరిన చోట కూడా కష్టం ఉంటుంది. అయితే ఆ కష్టాన్ని దాటడానికి ఏదో ఒక ఆసరా దొరుకుతుంది.

మన హాల్లో గోడ మీద ఉన్న అంబేద్కర్ గారి జీవితమే చూడండి. ఆయన 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అర్థశాస్త్రం ప్రధానంగా, దానితోపాటు సమాజశాస్త్రం, చరిత్ర, తత్వశాస్త్రం, మానవశాస్త్రం చదివారు. సెలిగ్మన్, జాన్ డ్యూయీ వంటి అధ్యాపకులు అక్కడ దొరికారు. 1915లో ఎం.ఏ. అయ్యింది. 1916లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరారు. కానీ స్కాలర్‌షిప్ గడువు తీరడంతో 1917లో చదువు మధ్యలో ఆపి తిరిగి రావలసి వచ్చింది. బొంబాయిలో సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి, డబ్బు కూడబెట్టుకుని, 1920లో మళ్లీ లండన్ వెళ్లి 1923లో డి.ఎస్‌సి. పట్టా పొందారు. అంతటి మేధావికి కూడా డబ్బు గడువు అడ్డం వచ్చింది. కాబట్టి దూరం వెళ్లండి, పెద్ద చోటికే వెళ్లండి. చివరి రోజు దాకా దారి ఉందో లేదో మాత్రం ముందే చూసుకోండి. మధ్యలో ఆగినా ఆ చదువు అంతటితో ముగిసిపోయినట్లు కాదు.

ఒక తెల్ల కాగితం, ఆరు ప్రశ్నలు

కాలేజీ పేరు రాయకముందు ఒక తెల్ల కాగితం మీద ఈ ఆరింటికి జవాబులు రాసుకోండి.

1. నేను ఏం చదవాలి? ముందు సబ్జెక్టు, తర్వాతే కాలేజీ. ఉస్మానియాలో భూగర్భశాస్త్రం ఉంది, ఖగోళశాస్త్రం ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత నేరుగా చేరే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ పీజీ కోర్సులు ఉన్నాయి. ఇంజనీరింగ్, మెడిసిన్ రెండే కావు మన ముందున్నవి.

2. చివరి ఏడాది దాకా డబ్బు ఎంత? ట్యూషన్ ఫీజు ఒక్కటే రాయకండి. గది, భోజనం, బస్సు, పుస్తకాలు, పరీక్ష ఫీజులు అన్నీ రాయండి. స్కాలర్‌షిప్ ఆలస్యమైతే ఆరు నెలలు ఎలా గడుస్తుందో కూడా రాయండి.

3. ఎక్కడ ఉంటాను? క్యాంపస్‌లో హాస్టల్ ఉందా, మొదటి ఏడాది నుంచే ఇస్తారా? లేకపోతే దగ్గరలో కళాశాల స్థాయి సంక్షేమ హాస్టల్ ఉందా?

4. ఏ భాషలో చెబుతారు? ఇంగ్లీషు అయితే భయపడి మానుకోవద్దు. వెనుకబడినవాళ్లకు ప్రత్యేక తరగతులు ఉన్నాయా అని అడగండి. ఈ వేసవి నుంచే రోజుకు ఒక పేజీ చదవడం మొదలుపెట్టండి.

5. చేరినవాళ్లలో ఎందరు పూర్తి చేస్తున్నారు? పైన చెప్పిన అంకె ఇదే. నాక్ గ్రేడు కూడా చూడండి. దానికి కాలపరిమితి ఉంటుంది కాబట్టి బోర్డు మీద ఉన్నది ఏ సంవత్సరానిదో గమనించండి. ఊరూ పేరూ తెలియని విశ్వవిద్యాలయమైతే యూజీసీ ప్రకటించే నకిలీ సంస్థల జాబితాలో ఉందేమో చూడాలి.

6. అక్కడ నాకు ఎవరున్నారు? అడ్మిషన్ల ఆఫీసులో అడిగితే అంతా బాగుందనే చెబుతారు. క్యాంటీన్ దగ్గర మూడో ఏడాది చదువుతున్న అన్నను, అక్కను అడగండి. "మళ్లీ అవకాశం వస్తే ఇక్కడే చేరుతావా?" అన్న ఒక్క ప్రశ్న చాలు.

ఆరింటికీ మంచి జవాబులు దొరికే కాలేజీ ఉండకపోవచ్చు. రెండు మూడింటికి జవాబే లేకపోతే మాత్రం ఎంత పేరున్నా ఆగి ఆలోచించాలి.

గడువుల విషయం మరిచిపోకండి. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి దోస్త్ ద్వారా జరుగుతున్నాయి. అది ఫలితాల తర్వాతే మొదలవుతుంది కాబట్టి సమయం ఉంటుంది. కేంద్ర విశ్వవిద్యాలయాల కోసం 2022లో మొదలైన సీయూఈటీ అలా కాదు. ఇంటర్ ఫలితాలు వచ్చేసరికే దాని దరఖాస్తు గడువు అయిపోతోంది. పరీక్షను తెలుగులో రాసే వీలు కూడా ఉంది. అందుకని రెండో సంవత్సరం సంక్రాంతి సెలవుల్లోనే ఈ కాగితం రాసుకోవాలి. ఇంటి పరిస్థితి వల్ల పని చేయక తప్పనివారికి 1982లో ఏర్పడిన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. చదువు పూర్తిగా మానేయడం కంటే అది ఎంతో మేలు.

మా మాట

మా మిత్రుడు తిరిగి వచ్చాక కొన్నాళ్లు బోరు బండి మీదే పనిచేశాడు. ఒకసారి జూనియర్ కాలేజీ సారు కనిపించి "నీకు ఏ పని చేస్తుంటే పొద్దు తెలియదు?" అని అడిగారట. మేము అడగవలసిన ప్రశ్న అది. 2020లో భూగర్భశాస్త్రం ఉన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీని వెతుక్కుని చేరాడు. తర్వాత ఉస్మానియాలో ఎం.ఎస్‌సి. చేశాడు. ఇప్పుడు భూగర్భజలాల సర్వే చేసే ఒక సంస్థలో పనిచేస్తున్నాడు. జీతం పెద్దదేమీ కాదు. వాళ్ల నాన్న తెచ్చిన అప్పు మొన్న దసరాకు తీరింది. పోయిన రెండేళ్లు మాత్రం తిరిగి రాలేదు. ఇదంతా రాస్తామంటే "రాయండి, పేరు మాత్రం వద్దు" అన్నాడు.

పూర్వ విద్యార్థి మిత్రులకు ఒక మనవి. సీటు వచ్చిన పిల్లలకు ఫ్లెక్సీ కట్టేముందు ఈ ఆరు ప్రశ్నలు అడుగుదాం. మనం చదివిన కాలేజీ, కోర్సు, ఫోన్ నంబరు వార్డెన్ గారి రిజిస్టర్‌లో రాసి పెడదాం. కాలేజీ చూడటానికి వెళ్లే పిల్లల వెంట ఒకరం వెళదాం. చేరిన మొదటి నెలలో ఫోన్ చేసి "బాగుందా?" అని కాకుండా "ఏది కష్టంగా ఉంది?" అని అడుగుదాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీరు ఏ కాలేజీలో చేరినా మాకు సంతోషమే. కుదరకపోతే ఆ మాట మాకు చెప్పడానికి సిగ్గుపడకండి. పెట్టె సర్దుకుని వచ్చినవాడిని ఎందుకొచ్చావని ఈ హాస్టల్లో ఎవరూ అడగరు. అన్నం తిన్నావా అనే అడుగుతారు. మిగతా సంగతి ఆ తర్వాత కూర్చుని ఆలోచిద్దాం.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

– పూర్వ విద్యార్థుల బృందం