వెండి జరీ – రాగి జరీ

పఠన భాగము: యాకోబు 1:16–27

తపతీ తీరమందలి సూరత్ పట్టణము జరీకి పేరొందినది. ధర్మవరము, కంచి మొదలగు చోట్ల నేయు పట్టుచీరెల అంచులకు అక్కడి జరీ చిరకాలముగా వచ్చుచున్నది. అసలు జరీ చేయునప్పుడు సన్నని వెండితీగను బల్లపరుపుగా చేసి, పట్టుదారమునకు చుట్టి, బంగారుపూత పెట్టుదురు. రెండవ రకములో వెండికి బదులు రాగితీగ యుండును. వెండి దాని పూత మాత్రమే. మూడవది లోహపుపూత గల ప్లాస్టిక్ పొర. అంగడి దీపముల క్రింద మూడును మెరయును. కొన్ని యేండ్లు కట్టిన పిమ్మట రాగి తన యెరుపును బయటపెట్టును.

రాగిజరీ చేయుట పాపము కాదు. పేదయింటి పెండ్లికూతురికి అదియు అందమే. దానిని వెండి యని చెప్పి అమ్ముటయే పాపము. కొలతలోను తూనికలోను అన్యాయము కూడదని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించుచున్నది (లేవీ. 19:35, 36).

బ్రదుకుతెరువునకై సూరత్ చేరిన తెలుగు కుటుంబములు అనేకము కలవు. అట్టి ఇంటి క్రైస్తవ యువకుడొకడు బట్టల దుకాణములో పనిచేయుచున్నాడని ఊహింతము. యజమానుని మాటపై మొదటిసారి రాగిని వెండి యని చెప్పినప్పుడు వాని గుండె దడదడలాడును. మరునాడు, “అందరును ఇట్లే చేయుచున్నారు” అనుకొనును. కొన్నాళ్లకు, “చూచి కొనవలసినది కొనువారే గదా” అనును. పిమ్మట ఆ జీతములోనుండి దశమభాగమిచ్చి నెమ్మదిగా నిద్రించును. మోసపోయిన వారిలో మొదటివాడు ఎవడు? వాడే.

మన తెలుగు బైబిలులో యాకోబు పత్రిక మొదటి అధ్యాయమున మోసమను మాట మూడు తావుల వచ్చుచున్నది. గ్రీకులో అవి మూడు వేరు పదములు. 16వ వచనములోని పదమునకు త్రోవ తప్పుట యని అర్థము. 26వ వచనములోనిది వంచనను తెలుపును. నాలుకకు కళ్లెము వేయనివాడు తన హృదయమునే వంచించుకొనును. 22వ వచనములోని ‘పారలొగిజొమై’ అను పదము లెక్కలకు సంబంధించినది. తప్పులెక్క వేసి మోసగించుట యని దాని మూలార్థము. వాక్యము విని చేయనివాడు దొంగలెక్క వ్రాసికొనువాడు. వినిన ప్రసంగములన్నిటిని జమ కట్టును. తీర్చవలసిన బాకీని పుస్తకములో ఎక్కించడు.

ఇట్టి లెక్కను మనమే దిద్దుకొనలేము. పేదవాని గొఱ్ఱెపిల్లను అపహరించినవానిపై దావీదు మండిపడెను గాని, ఆ మనుష్యుడు తానేయని నాతాను చెప్పువరకు ఎరుగడాయెను (2 సమూ. 12). ఇతరుల రాగి మనకు త్వరగా కనబడును. కావుననే కీర్తనకారుడు తన హృదయమును పరిశోధింపుమని దేవునినే వేడుకొనెను (కీర్త. 139:23, 24).

పరిశోధించువాడు క్షమించువాడును అయియున్నాడు (1 యోహా. 1:9). అయితే క్షమాపణ లెక్కను దాచిపెట్టదు. జక్కయ్య ప్రభువును చేర్చుకొనిన దినముననే, అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు చెల్లింతునని నిలువబడి చెప్పెను (లూకా 19:8).

ఆ యువకుడు ఇకమీదట నిజమే చెప్పిన యెడల పని పోవచ్చును. ఇంటికి పంపు డబ్బు ఆగిపోవచ్చును. ఈ భయము చిన్నది కాదు. నిజము చెప్పుమని పీఠము మీదనుండి బోధించి, పని పోయిన దినమున వాని గడప త్రొక్కని సంఘము కూడ దొంగలెక్కయే వ్రాయుచున్నది. దిక్కులేనివారిని ఇబ్బందిలో పరామర్శించుట నిజమైన భక్తియని యాకోబు ఈ అధ్యాయమును ముగించుట ఊరకే కాదు.

ఆలోచింపుడి: నేను వెండి యని పేరు పెట్టుకొనిన రాగి నా జీవితములో ఏది? ఎవరికి నేను లెక్క అప్పగింపవలసియున్నది?

ప్రార్థన: సత్యవంతుడవైన ప్రభువా, మా పూతను చూచి మోసపోనివాడవు నీవే. మమ్మును పరిశోధించుము, మా లెక్కలు దిద్దుము, నిజము చెప్పి నష్టపడువారి ప్రక్కన నిలుచు ధైర్యము మా సంఘములకు దయచేయుము. ఆమేన్.